చెవి కారడం చిన్న జబ్బు కాదు

పిల్లవాడికి జ్వరం వస్తే మన పల్లెల్లో తల్లిదండ్రులు ఆ పూటే ఆసుపత్రికి పరుగెడతారు. అదే పిల్లవాడి చెవి నెలల తరబడి చీము కారుతున్నా పట్టించుకునేవారు తక్కువ. పెద్దయితే అదే పోతుందిలే అని సరిపెట్టుకుంటారు. ఈ అలక్ష్యం పిల్లల వినికిడికి చేటు తెస్తున్నది.

చెవి లోపల కర్ణభేరి అనే పలుచని పొర ఉంటుంది. దాని వెనుక చిన్న గదిలో మూడు ఎముకలు గొలుసులా అమరి ఉంటాయి. వాటిలో చివరిది మన శరీరంలోకెల్లా చిన్న ఎముక, బియ్యపు గింజలో సగం ఉంటుంది. శబ్దానికి పొర కదిలితే, ఆ కదలికను ఈ ఎముకలే లోపలి చెవికి అందిస్తాయి. ఈ గది నుంచి ముక్కు వెనుక భాగానికి సన్నని గొట్టం ఉంది. పిల్లల్లో అది పొట్టిగా, దాదాపు అడ్డంగా ఉంటుంది. అందువల్ల జలుబు చేసినప్పుడు క్రిములు సులువుగా చెవికి ఎక్కుతాయి. చీము పట్టి, పోటు పెట్టి, చివరకు పొరకు చిల్లుపడి బయటకు కారుతుంది. చీము కారగానే పోటు తగ్గుతుంది. అది చూసి జబ్బే తగ్గిందనుకుంటారు.

వెంటనే వైద్యం జరిగితే చాలా సందర్భాల్లో చిల్లు పూడిపోతుంది. మాటిమాటికీ చీము పడితే చిల్లు అలాగే ఉండిపోతుంది, లోపలి ఎముకలు అరిగిపోతాయి. కొందరు పిల్లలకు చీము, నొప్పి లేకుండానే పొర వెనుక నీరు చేరి జిగురులా గట్టిపడుతుంది. అప్పుడూ వినికిడి తగ్గుతుంది, కాని ఇంట్లో ఎవరికీ తెలియదు. పిలిస్తే పలకడని తల్లి కసురుతుంది, పాఠం వినడని పంతులు మొద్దు అంటాడు. మాటలు నేర్చే వయసులో వినికిడి తగ్గితే మాట కూడా వెనకబడుతుంది. తప్పు చెవిది, దెబ్బలు పిల్లవాడికి!

ఇంటి వైద్యం మరో బెడద. వెల్లుల్లి వేసి కాచిన నూనె, ఆకు పసరు, చనుబాలు చెవిలో పోయడం, కోడి ఈకతోనో పిన్నీసుతోనో శుభ్రం చేయడం ఇంకా మానలేదు. చిల్లుపడిన చెవిలో ఇవి పోస్తే జబ్బు ముదురుతుంది. పక్కింటివారి చుక్కల మందు తెచ్చి వేయడమూ ప్రమాదమే. కొన్ని మందులు చిల్లు గుండా లోపలి చెవికి చేరి నరాన్ని దెబ్బతీయగలవు. ఆ విధంగా పోయిన వినికిడి తిరిగి రాదు.

చెవి కారుతున్న పిల్లలను చెరువులో, కాలువలో మునగనీయరాదు. తలకు పోసేటప్పుడు కొబ్బరినూనె అద్దిన దూదిని చెవి బయటి రంధ్రంలో ఉంచి, స్నానం కాగానే తీసివేయాలి. పసిపిల్లలకు తల కొంచెం ఎత్తి పాలు పట్టాలి. రెండు వారాలు దాటి చెవి కారితే చెవి, ముక్కు, గొంతు వైద్యునికి చూపించి తీరాలి. చెవి వెనుక వాపు, తల తిరగడం, మూతి వంకర పోవడం, తీవ్రమైన తలనొప్పితో జ్వరం కనిపిస్తే ఒక్క రోజు కూడా ఆగరాదు. చీము మెదడుకు పాకితే ప్రాణానికే ముప్పు. మందులతో పూడని చిల్లును శస్త్రచికిత్సతో మూయవచ్చు.

పిల్లల్లో వచ్చే వినికిడి లోపాల్లో దాదాపు 60 శాతం నివారించదగినవేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 నివేదికలో తెలిపింది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద బడుల్లో, అంగన్‌వాడీల్లో పిల్లలను పరీక్షించవలసిన లోపాలు, జబ్బుల జాబితాలో చెవి చీము, వినికిడి లోపం రెండూ ఉన్నాయి. అయితే పెద్దాసుపత్రికి వెళ్లమని చీటీ రాసి ఇచ్చినంత మాత్రాన వైద్యం జరిగినట్టు కాదు. ఆసుపత్రికి పోవాలంటే కూలివానికి ఒక రోజు కూలి పోతుంది, బస్సు చార్జీ అదనం. తీరా వెళ్లాక వైద్యుడు లేకపోతే రెండోసారి వెళ్లేవారెందరు? చెవి వైద్యుడు ఏ ఆసుపత్రిలో ఏ రోజు ఉంటాడో ప్రతి పంచాయతీలో ముందే చాటింపు వేయించాలి. చీటీ ఇచ్చిన పిల్లలు వెళ్లిందీ లేనిదీ ఆరోగ్య సిబ్బంది ఆరా తీయాలి. ఇది అధికారుల బాధ్యత.

ఉపాధ్యాయులు చేయగలిగిందీ ఉంది. పాఠం అందుకోలేని పిల్లవాణ్ణి కొట్టే ముందు, వెనుక నుంచి మెల్లగా పేరు పెట్టి పిలిచి చూడాలి. పలకకపోతే ముందు వరుసలో కూర్చోబెట్టి, తల్లిదండ్రులకు కబురు పెట్టాలి. సకాలంలో చేసే ఈ చిన్న పని ఒక బిడ్డ చదువును నిలబెడుతుంది.