సీసాలో మన గింజ వాటా ఎంత?

అమెరికాలో కెంటకీ అనే రాష్ట్రముంది. అక్కడ మొక్కజొన్నతో బోర్బన్ అనే విస్కీ చేస్తారు. సీమ రైతుకు దాంతో ఏం పని అనొచ్చు. తాగేవాళ్ల సంగతి ఎట్లున్నా, పండించేవాళ్లకు పని ఉంది. 2025 ఫిబ్రవరిలో కేంద్రం బోర్బన్ మీద దిగుమతి సుంకాన్ని 150 శాతం నుంచి 100 శాతానికి దించింది. 2026 ఫిబ్రవరిలో ఇండియా, అమెరికా కలిసి ఒక ప్రకటన చేశాయి. సుంకం తగ్గించే లేదా ఎత్తేసే సరుకుల్లో మద్యం ఒక్కటే లేదు. పశువుల దాణాకు వాడే ఎర్రజొన్న ఉంది, మొక్కజొన్న నుంచి ఆల్కహాలు తీయగా మిగిలిన పిప్పి కూడా ఉంది. కోయిలకుంట్ల, జమ్మలమడుగు నల్లరేగళ్లలో జొన్న వేసే రైతు ఈ రెండు మాటలూ చెవిన వేసుకోవాల.

ముందు బోర్బన్ సంగతి చూద్దాం. అమెరికా చట్టం ప్రకారం బోర్బన్ అని రాయాలంటే అందులో వాడే గింజలో కనీసం 51 శాతం మొక్కజొన్న ఉండాలి. లోపల మంటతో నల్లగా కాల్చిన కొత్త ఓక్ చెక్క పీపాలోనే నిలవ చేయాలి. పైనుంచి రంగు కలపరాదు. రుచి చూసేవాళ్లు మూతి సన్నంగా ఉండే గ్లాసులో కొంచెం పోసుకుని, రంగు చూసి, వాసన పట్టి, నాలుక మీద తిప్పుతారు. రెండు చుక్కలు నీళ్లు వేసి మళ్లీ చూస్తారు. తీపి మొక్కజొన్నది. మిరియం ఘాటు తగిలితే రై అనే ధాన్యం పడిందని, మెత్తగా ఉంటే గోధుమ పడిందని చెబుతారు. బెల్లం పాకం మాడినట్టుండే వాసన కాల్చిన చెక్క నుంచి వస్తుంది. ఇదేం బ్రహ్మవిద్య కాదు. జొన్న గింజను పంటి కింద కొరికి తడి ఎంతుందో చెప్పే మన ముసలాయన కూడా ఆ పనే చేస్తాడు. తేడా ఒక్కటే. అక్కడ గింజ పేరుకు చట్టం కాపలా ఉంది.

మన దగ్గర అమ్మే చౌక విస్కీలో చాలావరకు పీపా ముఖం చూడనిదే. చెరకు మడ్డి నుంచో, నూకల నుంచో తీసిన స్పిరిట్టుకు రంగు, వాసన కలిపి సీసాకెత్తుతారు. ఐరోపాలో అయితే దాన్ని విస్కీ అని అమ్మనీయరు. అక్కడ ధాన్యంతోనే చేయాల, మూడేండ్లు పీపాలో ఉండాల. మన దేశంలోనూ మంచి సరుకు చేసేవాళ్లు లేకపోలేదు. బెంగళూరు అమృత్ కంపెనీ బార్లీతో చేసిన సింగిల్ మాల్టును 2004లో విస్కీకి పుట్టిల్లయిన స్కాట్లండులోనే అమ్మకానికి పెట్టింది. అయితే ఆ బార్లీ ఉత్తరాది పంట, మనకు దాంతో లాభం లేదు.

ఇక లెక్కకొద్దాం. క్వింటాలు మొక్కజొన్న నుంచి సుమారు 38 లీటర్ల ఆల్కహాలు దిగుతుంది. 750 మిల్లీలీటర్ల సీసాలో ఆల్కహాలు 42.8 శాతం అనుకుంటే, సీసాకు పట్టే గింజ కిలో కూడా కాదు, 850 గ్రాములు. 2025-26 మద్దతు ధర క్వింటాలుకు 2400 రూపాయలు. ఆ లెక్కన సీసాకు 20 రూపాయల గింజ! 2024 అక్టోబరు నుంచి మన రాష్ట్రంలో క్వార్టరు 99 రూపాయలకు తెచ్చారు కదా, అది మొక్కజొన్నతోనే చేశారనుకున్నా అందులో గింజ విలువ అయిదు రూపాయలు. మిగిలిందంతా పన్ను, సీసా, రవాణా, కంపెనీ, దుకాణం. రైతుకు క్వింటాలుకు 500 ఎక్కువిచ్చినా క్వార్టరు మీద పడే బరువు ఒక్క రూపాయి. కాబట్టి గింజ ధర పెరిగితే గిట్టదని డిస్టిలరీవాళ్లు అంటే నమ్మబల్లేదు.

పెట్రోలులో కలిపే ఇథనాల్ కథ కూడా ఈ మధ్యనే చూసినాం. మొక్కజొన్న కొనేవాళ్లు పెరిగినారు, ధర లేచింది, రైతులు ఆశపడి విస్తీర్ణం పెంచినారు. ఇంకోపక్క ఎఫ్.సి.ఐ. బియ్యం కూడా డిస్టిలరీలకు వదిలినారు. 2025 ఖరీఫ్ పంట వచ్చేసరికి పక్కనున్న కర్ణాటకలో ధర మద్దతు కంటే బాగా కిందికి పడి రైతులు రోడ్డెక్కినారు. కెంటకీలోనూ మబ్బులు కమ్మినాయి. పీపాల్లో నిలవలు కోటిన్నర దాటాయి. 2025 మార్చిలో కెనడా రాష్ట్రాలు అమెరికా మద్యాన్ని అంగళ్ల నుంచి దించేశాయి. జిమ్ బీమ్ కంపెనీ తన ప్రధాన బట్టీని 2026 ఏడాదంతా నిలిపేస్తామని ప్రకటించింది. పీపాలు నిండితే ముందు ఆగేది గింజ కొనుగోలే. కొత్త బజారు వెతుక్కుంటూ ఆ సరుకు మన దిక్కు చూడకుండా ఎట్లుంటుంది?

తాగమని చెప్పడం నా ఉద్దేశం కాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు ఎందుకు లేచినారో ఈ పేజీ చదివే ప్రతి ఇంట్లో తెలుసు. కానీ ప్రభుత్వం మద్యం మీద రాబడి తీసుకుంటున్నంత కాలం, అందులో పడే గింజ ఎవరిదని అడిగే హక్కు మనకుంది. చైనాలో పేరుమోసిన మవుటాయ్ సారాయి జొన్నతోనే చేస్తారు. నంద్యాల పరిశోధనా స్థానం ఎన్.టి.జె. తెల్లజొన్న రకాలు ఇచ్చిన గడ్డ మీద జొన్నకు గిరాకీ లేదని ఎట్లా ఒప్పుకోవాల?

నా మటుకు నేను కోరేది, సీసా మీద ఏ గింజో, లేక మడ్డి స్పిరిట్టో, తెలుగులో అచ్చు వేయించాలి. ధాన్యం డిస్టిలరీకి అనుమతి ఇచ్చేటప్పుడే, ఇంత సరుకు రైతు సేవా కేంద్రాల ద్వారా మద్దతు ధరకు తగ్గకుండా కొనాలని రాయించాలి. దళారీ బిల్లు చూపిస్తే చెల్లకూడదు. పిప్పి సంగతి కూడా తేల్చాలి. క్వింటాలుకు 30 కిలోల దాకా మిగిలే ఈ పిప్పిలో మాంసకృత్తులు మెండు, పాడిపశువులకు మంచి మేత. అయితే గింజకు బూజు పట్టి ఉంటే ఆ విషం ఆల్కహాలులోకి పోదు, పిప్పిలో మూడింతలు చిక్కబడుతుంది. పరీక్ష చీటీ లేని పిప్పి, అది మన డిస్టిలరీదైనా ఓడలో వచ్చిందైనా, గాటికి వేయొద్దు.