గురి పుట్టుకతో రాదు

"అడవిబిడ్డలకు గురి పుట్టుకతోనే వస్తుంది." మా ప్రాంతపు సభల్లో ఈ మాట వినని వారుండరు. ఆగస్టు 9న ఆదివాసీ దినోత్సవం జరుగుతుంది. వేదికనెక్కిన అతిథి చేతికి విల్లంబులు అందిస్తారు. ఆయన వాటిని ఆకాశం వైపు ఎక్కుపెట్టి నిలబడతాడు, ఫొటోలు తీస్తారు, ఆపైన ఉపన్యాసంలో ఈ వాక్యం దొర్లుతుంది. ఒకప్పుడు నాకది పొగడ్తగానే వినిపించేది. నలభయ్యో పడిలో హైదరాబాదులోని ఒక రేంజిలో పిస్తోలు పేల్చడం నేర్చుకున్నాక మాత్రం, ఆ పొగడ్తలో ఒక అన్యాయం దాగి ఉన్నదని తోస్తున్నది. అదేమిటో చెప్పడానికే ఈ టపా.

మాది పాల్వంచ వైపు. ఖమ్మం నుండి భద్రాచలం పోయే దారిలో అడవి మొదలయ్యే చోటు. నా చిన్నతనంలో తుపాకి అన్న మాటకు రెండే అర్థాలు: పోలీసులు, లేదా అన్నలు. చర్ల, దుమ్ముగూడెం వైపు నుండి వచ్చే బస్సుల్లో పెద్దలు ఆ మాటను గొంతు తగ్గించి పలికేవారు. పత్రికలో 'ఎదురుకాల్పులు' అన్న శీర్షిక కనబడితే మా అమ్మ కాగితాన్ని మడిచి పక్కన పెట్టేది. తుపాకితో ఆట అనేది ఒకటుంటుందని, దానికి నియమాలు, మర్యాదలు, గురువులు ఉంటారని మాకు తెలియదు.

అందుకే రేంజిలో తొలినాడు నేను ఎదురుచూసినది చప్పుడును. దొరికినది నిశ్శబ్దం. మొదటి మూడు వారాలు మా కోచ్ నా చేతికి ఒక్క పెల్లెట్ కూడా ఇవ్వలేదు. ఖాళీ ఎయిర్ పిస్తోలు, ఎదురుగా తెల్లగోడ, అంతే. ఒంటి చేత్తో పిస్తోలును పైకెత్తి, దింపుతూ గోడ మీద నిలిపి, అరనిమిషం కదలక ఉండాలి. దించి, ఊపిరి తీసుకొని, మళ్ళీ ఎత్తాలి. పదిసార్లు. రెండవ చేయి జేబులోనో నడుము పట్టీలోనో ఉండాలి. అది దర్పం కోసం కాదు, వేలాడే చేయి ఒంటిని ఊపుతుంది కనుక. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో తుర్కియే దేశపు యూసుఫ్ డికెచ్ జేబులో చేయి పెట్టుకొని రజతం గెలిచినప్పుడు లోకమంతా అబ్బురపడింది గాని, ఏ రేంజిలో చూసినా కనబడే నిలకడే అది.

తరువాతిది డ్రై ఫైరింగు. గుండు లేకుండానే ట్రిగ్గరు నొక్కడం. పోటీలకు వాడే ఎయిర్ పిస్తోళ్ళలో ఇందుకు ప్రత్యేకమైన ఏర్పాటే ఉంటుంది. గుండు లేదు కనుక తగిలిందా తప్పిందా అన్న ఆరాటం ఉండదు. ట్రిగ్గరు తెగిన క్షణాన ముందు సైటు కదిలిందా లేదా అన్నది మాత్రమే కనబడుతుంది. కదిలితే తప్పు వేలిది. ఆ తరువాత పెల్లెట్లు ఇచ్చినా, వృత్తాలు లేని తెల్లకాగితం మీద పేల్చమన్నారు. నల్లచుక్క కనబడితే కన్ను దాని వెంట పరుగెత్తుతుందట.

అందులోని లెక్క అర్థమైనప్పుడు నాకు ఆశ్చర్యం వేసింది. పది మీటర్ల ఎయిర్ పిస్తోలు లక్ష్యంలో పది పాయింట్ల వృత్తం వ్యాసం 11.5 మిల్లీమీటర్లు, చిటికెనవేలి గోరంత. రెండు సైట్లనూ సరిగా కలిపి ఉంచి, చేయి మొత్తం ఒక మిల్లీమీటరు పక్కకు జరిగితే గుండు తప్పేది కూడా ఒక మిల్లీమీటరే. కాని వెనుక సైటు గాడిలో ముందు సైటు ఒక్క మిల్లీమీటరు పక్కకు ఒరిగిందా, లక్ష్యం దగ్గర గుండు సుమారు మూడు సెంటీమీటర్లు తప్పుతుంది. పది రావలసినచోట ఏడో ఆరో వస్తుంది. కనుక స్పష్టంగా చూడవలసినది ముందు సైటును. లక్ష్యం మసకగానే ఉండాలి. చెట్టుమీది పిట్ట కన్ను తప్ప మరేమీ కనబడలేదన్న అర్జునుని కథ విని పెరిగిన నాకు ఇది మింగుడు పడడానికి చాలాకాలం పట్టింది. ఇక్కడ గురి చూడడమంటే గురిని చూడడం కాదు, మన చేతి చివరను చూసుకోవడం.

అర్జునుని కథల్లో రేంజికి దగ్గరైనది వేరొకటి ఉన్నది. భోజనవేళ దీపం ఆరిపోతుంది. అయినా చేయి తడుముకోకుండా నోటికే పోతుంది. అలవాటు పడిన చేతికి వెలుగుతో పనిలేదని గ్రహించి అతడు చీకటిలో విలువిద్య సాధన మొదలుపెడతాడు. తెల్లగోడ ముందు ఖాళీ పిస్తోలు పట్టుకొని నిలుచున్న నాకు ఆ కథ అర్థమైనట్లు ఏ పాఠ్యపుస్తకంలోనూ అర్థం కాలేదు.

కొన్నాళ్ళకు .22 పిస్తోలు చేతికి వచ్చింది. ఒకనాడు కోచ్ తానే గుళ్ళు నింపి ఇచ్చారు. నాకు తెలియకుండా, నడుమ నడుమ పేలని డమ్మీ గుళ్ళు పెట్టారు. రెండు పేలాయి. మూడవది 'టిక్' మన్నది, పేలలేదు. అయినా నా పిస్తోలు మూతి బెత్తెడు కిందికి వంగింది! రాని చప్పుడుకు నా చేయి ముందుగానే జడిసింది. "చూశారా? మీరు పేల్చడం లేదు సార్, భయపడుతున్నారు" అన్నారాయన నవ్వుతూ. చిన్నప్పటి మా ఊరి భయం ఇంకా ఆ మణికట్టులో ఉన్నదేమో అనిపించింది. మళ్ళీ డ్రై ఫైరింగుకే పోయాను. అప్పటి నుండి ప్రతి గుండుకూ ఫలితం చూడకముందే అది ఎక్కడ తగిలిందో చెప్పడం, పాయింట్లు కూడుకోవడం మాని ఐదు గుళ్ళు ఎంత దగ్గరగా పడ్డాయో చూడడం నా నియమాలు. గుళ్ళన్నీ ఒకేచోట గుమిగూడితే, అది ఎడమ మూలనైనా సరే, మంచి సాధనే. సైటు మర తిప్పితే అవి మధ్యకు వస్తాయి. చెల్లాచెదురైన వాటిని ఏ మరా దగ్గరకు చేర్చలేదు.

ఇదంతా చేసిన మీదట "పుట్టుకతోనే వస్తుంది" అన్న మాట వింటే మనసుకు కష్టంగా ఉంటుంది. కోయ, కొండరెడ్డి పిల్లవాడి బాణం తగిలితే అది నెత్తురు గొప్పతనమట. అదే పట్నపు పిల్లవాడిదైతే కృషి ఫలితమట. పసితనం నుండి వాడు తప్పిన బాణాలను ఎవరూ లెక్కపెట్టలేదు కాబట్టి వాడు సాధనే చేయలేదని తీర్మానించాము. ఏకలవ్యుడిది పుట్టుకతో వచ్చిన గురి అయితే మట్టిబొమ్మను నిలుపుకొని ఒంటరిగా సాధన చేయవలసిన అవసరమేమి? పుట్టుకతోనే వచ్చినదానికి కోచ్ అక్కరలేదు, రేంజి అక్కరలేదు, పద్దు అక్కరలేదు. పొగడ్త ఎంత చవకగా తేలిపోతుందో చూడండి!

హైదరాబాదు అమ్మాయి ఈషా సింగ్ 2018లో పదమూడేళ్ళ వయసులో జాతీయ సీనియర్ ఎయిర్ పిస్తోలు విజేత అయింది. 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో ఒక స్వర్ణం, మూడు రజతాలు తెచ్చింది. అవే క్రీడల్లో విజయవాడ అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖ విలువిద్యలో మూడు స్వర్ణాలు గెలిచింది. వారి శ్రమను తక్కువ చేయడం కాదు నా ఉద్దేశం. ఆ శ్రమకు ఒక చోటు దొరికింది, అంతే. రాముడు విల్లంబులు ధరించి వెలసిన భద్రాచలం చుట్టూ ఉన్న పిల్లలకు ఆ చోటేదీ?

"ఆ అడవుల్లోనా, తుపాకులా?" అని ఒక మిత్రుడు ఉలిక్కిపడ్డాడు. ఆ భయం నాకూ తెలియనిది కాదు. కాని 4.5 మిల్లీమీటర్ల ఎయిర్ పిస్తోలు శక్తి 20 జౌళ్ళు మించకపోతే 2016 నాటి ఆయుధ నియమావళి ప్రకారం దానికి లైసెన్సు అక్కరలేదు. పోటీ పిస్తోలు ధర లక్ష దాటుతుందన్నది నిజమే. అయితే పదిమంది పిల్లలకు రెండు పిస్తోళ్ళు చాలు, ఎందుకంటే సాధనలో పెద్దభాగం గుండు లేనిదే. కావలసినవి పది మీటర్ల పొడవున్న గది, వెనుక గట్టి అడ్డు, తాళం వేసే పెట్టె, కంటికి రక్షణ, నిలబడి చూసే ఒక కోచ్. మూతి ఎప్పుడూ లక్ష్యం వైపే, పేల్చేదాకా వేలు ట్రిగ్గరుకు బయటే, ఆజ్ఞ లేనిదే చేయి లేవరాదు: ఇవి రేంజిలో తొలి పాఠాలు. తుపాకిని భయంగానో అధికారంగానో మాత్రమే ఎరిగిన ప్రాంతానికి, నియమానికి లోబడిన తుపాకిని చూపడం కంటే మంచి విరుగుడు నాకు కనబడడం లేదు.

కిన్నెరసానిలో గిరిజన క్రీడా పాఠశాల ఉన్నది. ఏకలవ్యుడి పేరిట గురుకులాలు ఉన్నాయి. పేరు పెట్టి ఊరుకుంటే అది మరొకసారి బొటనవేలు అడగడమే. ఈసారి ఆగస్టు 9న వేదిక మీద విల్లు ఎక్కుపెట్టే పెద్దలు ఆ వాక్యాన్ని మింగేసి, ఒక గదిని, ఒక కోచ్‌ను ప్రకటిస్తే బాగుండును.

ఏమంటారు?