అరిస్తేనే పనవుతుందా?

మొన్న ఊరెళ్ళినప్పుడు మా మావయ్య దగ్గర ఆఫీసు గోడు వెళ్ళబోసుకుంటే ఆయన ఒక్క ముక్కలో తేల్చేశాడు. "బాసన్నాక అరవకుండా ఉంటాడేంట్రా, జీతాలు ఊరికే ఇస్తారా, సర్దుకుపో". ఈ "సర్దుకుపో" అనే మాటంటే నాకు ఎప్పటినుంచో కడుపుమంట.

విషయమేంటంటే, నా ముందు ప్రాజెక్టులో మేనేజరు గారికో అలవాటుండేది. తప్పు ఎవరిదైనా సరే, నలుగురి ముందు ఒకడిని నిలబెట్టి కడిగెయ్యాలి. విడిగా పిలిచి చెప్తే ఆయనకి తిన్నదరగదు. ఒకసారి, చేరి ఆర్నెల్లు కూడా కాని కుర్రాడు రాసిన క్వెరీ వల్ల ప్రొడక్షన్లో సైటు నలభై నిమిషాలు ఆగిపోయింది. తప్పే, కాదనను. కానీ ఆ కోడు రివ్యూ చేసి ఓకే అన్నది నేను. టెస్టింగుకి టైము లేదు, పెట్టెయ్యమన్నది ఆయన. మర్నాడు పొద్దున్న మీటింగులో టీమంతా వింటుండగా "నీ డిగ్రీ ఏ సంతలో కొన్నావయ్యా?" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

నవ్వకపోతే తర్వాత వంతు నాదేమోనని భయం. అంతకు మించి ఏమీ లేదు. మూడు నెలలకి ఆ కుర్రాడు పేపర్లు పెట్టేశాడు, చేతిలో ఇంకో ఉద్యోగం లేకుండానే. మన సారుగారేమో "ఈ కాలం పిల్లలకి ఓపిక లేదు" అని తీర్పిచ్చేశారు.

"ఏమైనా ఆయన పని రాక్షసుడండీ, డెలివరీ టైముకిస్తాడు" అనేవాళ్ళు మా టీములోనే ఉన్నారు. ఎలా ఇచ్చేవాళ్ళమో నాకు తెలుసు కదా! ఆ సంఘటన తర్వాత బగ్గు కనపడితే ఎవడూ నోరు మెదిపేవాడు కాదు. రెండ్రోజుల పనికి ఐదు రోజులని చెప్పేవాళ్ళం. రిలీజు టైముకి వెళ్ళేది, దాచిన బగ్గులన్నీ తర్వాతి నెల సపోర్టు వాళ్ళ నెత్తిన పడేవి. అవి ఆయన లెక్కలోకి రావు.

హెచ్చార్ కి చెప్పొచ్చుగా అంటారా... చెప్పి చూడండి. సాయంత్రానికల్లా అది తిరిగి ఆయన చెవిలోనే పడుతుంది, ఏడాది చివర రేటింగు ఇచ్చేదీ ఆయనే. పని చోట లైంగిక వేధింపులకి 2013లో చట్టం వచ్చింది, పదిమంది, ఆపైన పనిచేసే ప్రతి చోటా కమిటీ ఉండాలంది. మంచిదే. కానీ రోజూ పదిమందిలో పరువు తీసే బాసు మీద ఫిర్యాదు ఆ కమిటీ పరిధిలోకి రాదు. దానికంటూ మన దేశంలో విడిగా చట్టం లేదు. స్వీడన్లో 1993లోనే నిబంధనలు తెచ్చారు, ఫ్రాన్సులో 2002లో చట్టమే చేశారు. ఆ చట్టం కిందే 2019లో ఫ్రాన్స్ టెలికాం మాజీ పెద్దలకి శిక్ష పడింది. మన దగ్గర 2024లో పుణెలో ఇరవయ్యారేళ్ళ ఒక చార్టర్డ్ అకౌంటెంటు చనిపోయాక, పని ఒత్తిడే కారణమంటూ వాళ్ళమ్మ కంపెనీ చైర్మనుకి ఉత్తరం రాస్తే దేశమంతా ఓ వారం మాట్లాడుకుంది. తర్వాత మళ్ళీ ఎవరి కీబోర్డు వాళ్ళది.

నాకు తెలిసిన ఉపాయం ఒక్కటే, అదీ ఆలస్యంగా నేర్చుకున్నాను. ఆయన నోటితో చెప్పిన ప్రతిదీ "మీరు ఇందాక టెస్టింగు లేకుండా పెట్టమన్నారు కదా" అని వెంటనే మెయిలు కొట్టడం. అరుపులు ఆగలేదు గానీ, నా మీద తగ్గాయి. దానికి గర్వపడాల్సిందేమీ లేదు, నా బదులు ఇంకొకడిని చూసుకున్నాడంతే.

పోయిన నెల ఆ కుర్రాడికి ఫోన్ చేశాను. వేరే చోట బాగానే ఉన్నాడు. కాసేపు అదీ ఇదీ మాట్లాడి, ఆ రోజు కోడు ఓకే చేసింది నేనేనని చెప్పేశాను.

"తెలుసన్నా" అన్నాడు. "రివ్యూలో నీ పేరుంది కదా."