పెద్దోళ్ళు నోరు విప్పితేనే అది అవగాహన సదస్సు



సెలవులకు ఊరికి పోయినప్పుడు మనలో చాలామంది అటవీ హక్కుల చట్టం మీద, పెసా మీద అవగాహన సదస్సులు పెడుతున్నారు. మంచి పని. కానీ అవి జరుగుతున్న తీరు మీద ఒక మాట చెప్పాలి. ప్రొజెక్టర్ పెడతాం, నలభై స్లైడ్లు వేస్తాం, ఒక్కో దాని నిండా సెక్షన్లే. పెద్దోళ్ళు గోడ వైపు చూస్తూ కూర్చుంటారు. అర్థమైందా అంటే తలూపుతారు. ఫొటో దిగి లేస్తాం. ఇది కాలేజీ సెమినార్‌ను ఊళ్ళోకి మోసుకుపోవడమే.

నా అభిప్రాయం ఇది: పెద్దవాళ్ళకు చెప్పే సభ ఎట్లా జరిగిందో వాళ్ళు ఎంత మాట్లాడారన్న దాన్ని బట్టే తెలుస్తుంది. ఇది మర్యాద కోసం చెప్పే మాట కాదు. మన విషయంలో వాళ్ళ మాటే సాక్ష్యం.

2006 చట్టం కింద వచ్చిన నియమాలు చూడండి. క్లెయిముకు కాగితాలే ఉండాలని లేదు. రెండు రకాల ఆధారాలు కావాలి. వాటిలో ఒకటి, దరఖాస్తు పెట్టుకోని ఊరి పెద్దలు చెప్పింది రాసుకున్న వాంగ్మూలం కావచ్చు. చదును చేసిన నేల, వేసిన గట్లు, తవ్విన బావి, పూర్వీకుల సమాధులు, దేవతలుండే చోట్లు కూడా ఆధారాలే. ఇవన్నీ ఎవరికి తెలుసు? మన స్లైడుకా, ఎదురుగా కూర్చున్న తాతకా? ఆయన్ని గంటసేపు నోరు మూయించి పంపితే మనం పోగొట్టుకున్నది ఒక ఆధారాన్ని.

పిల్లలు రేపు పనికొస్తుందంటే నేర్చుకుంటారు. పెద్దోళ్ళు అట్లా కాదు. ఈ రోజు నా పోడుకు ఇది ఏం చేస్తుంది అని చూస్తారు. అందుకే చట్టం చరిత్రతో మొదలుపెట్టొద్దు. "ఈ ఊళ్ళో ఎవరెవరికి పట్టా రాలేదు?" అని అడిగి మొదలుపెట్టండి. "2005 డిసెంబర్ 13 నాటికి భూమి సాగులో ఉండాలి" అని తెర మీద చూపిస్తే ఎవరికీ ఎక్కదు. "ఆ ఏడాది నీ పెద్దకొడుకు ఎంతవాడు? అప్పటికి ఆ చెలకలో ఏం వేశావు?" అని అడిగితే లెక్క వాళ్ళే తేలుస్తారు. నాలుగు హెక్టార్లు అనొద్దు, దాదాపు పదెకరాలు అనండి.

తెర బదులు నేల వాడండి. ముగ్గుపిండి, రాళ్ళు, ఆకులు చాలు. ఊరు, వాగు, గట్టు, ఎవరి పోడు ఎక్కడో వాళ్ళనే గీయమనండి. ఒకరు గీస్తుంటే ఇంకొకరు "కాదు, వాగు ఇటు తిరుగుతుంది" అని సరిచేస్తారు. ఆ వాదనే అసలు పాఠం. వ్యక్తిగత క్లెయిముకు వాడే ఫారం-ఏ ని పెద్ద చార్టు మీద రాసి, ఒకరి వివరాలతో అందరి ముందూ నింపండి. ఒక సభకు ఒకటే విషయం. పట్టా సంగతి ఒక రోజు, సామూహిక హక్కులు ఇంకో రోజు. కోయలోనో, గోండిలోనో, కువిలోనో, సవరలోనో చెప్పగలిగితే తెలుగు పక్కన పెట్టండి.

ఆడవాళ్ళ విషయం మరవొద్దు. గ్రామసభ కోరానికి సగం మంది సభ్యులు రావాలి, వచ్చినవాళ్ళలో కనీసం మూడోవంతు ఆడవాళ్ళు ఉండాలి. వాళ్ళు వెనక వరసలో మౌనంగా కూర్చుంటే లెక్క సరిపోతుంది గానీ పని జరగదు. పొలం పనీ వంట పనీ అయ్యాక వాళ్ళకు కుదిరే వేళే సభ పెట్టండి.

ఇది జరిగే పనేనా అంటారేమో. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా అక్షరాస్యత ఉద్యమాన్ని గుర్తు తెచ్చుకోండి. వయోజనుల పాఠాల్లో సారా వల్ల చితికిపోయిన సీతమ్మ కథ ఉండేది. అది చదివిన ఆడవాళ్ళు మా ఇంట్లో జరిగేదీ ఇదే కదా అని మాట్లాడుకున్నారు. దూబగుంట ఆడవాళ్ళు సారా కొట్టు మూయించారు. ఉద్యమం జిల్లా దాటింది, 1993లో రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. ఆ పాఠం బలం ఎక్కడుంది? చదివినవాళ్ళకు తమ బతుకు అందులో కనబడడంలో, కూర్చుని మాట్లాడుకునే చోటు దొరకడంలో.

స్లైడ్లు అసలే వద్దని నేననను. మన ఊరి గట్టు, మన వాగు ఫొటోలు రెండు మూడు చూపించండి, తప్పేం లేదు. కానీ సభ ముగిసేటప్పుడు మూడు సంగతులు తేలాలి: ఎవరి వాంగ్మూలం ఎవరు రాసుకుంటారు, ఏ రోజు పొలం చూడబోతారు, తిరస్కరణ కాగితం అందినవాళ్ళు ఎవరు. అప్పీలు 60 రోజుల్లో వేయాలి. వాళ్ళ ఇంటికి మరుసటి రోజే పోండి.

జై ఆదివాసీ!