స్త్రీల ఫుట్‌బాలు లీగు – మన ఆటస్థలము

సాయంకాలపు గంట మ్రోగిన పిమ్మట మన పాఠశాల యాటస్థలము వంక జూచువారికి ఒక సంగతి తెల్లమగును. బాలురు బంతి వెంట పరుగిడుచుందురు. బాలికలు ప్రహరిగోడ ప్రక్కను చెట్లనీడ నిలిచి చూచుచుందురు. వారిని ఆడవలదని శాసించినవా రెవ్వరును లేరు. రండని పిలిచినవారును లేరు. ఈ రెంటికి గల భేదము మిక్కిలి స్వల్పమని మా యభిప్రాయము. కావున విద్యార్థులకును, తలిదండ్రులకును, ఉపాధ్యాయులకును నాలుగు మాటలు మనవి చేయదలచి, మన దేశమునందలి స్త్రీల ఫుట్‌బాలు లీగును ఉదాహరణముగా గైకొనుచున్నాము.

స్త్రీలు ఫుట్‌బాలాడుట నేటి వింత గాదు. 1920వ సంవత్సరపు క్రిస్మసు దినములలో ఇంగ్లండునందలి లివర్‌పూలు నగరమున, గుడిసన్ పార్కు అను క్రీడాస్థలమున, డిక్-కెర్ అను కర్మాగారమునకు చెందిన స్త్రీల జట్టు ఆడగా జూచుటకు సుమారు 53,000 మంది చేరిరి. మరుసటి యేడు, 1921 డిసెంబరు 5వ తేదీని, అచ్చటి ఫుట్‌బాలు సంఘమువారు ఈ యాట స్త్రీలకు తగదని తీర్మానించి, తమ సంఘమున జేరిన క్లబ్బుల స్థలములలో వారిని ఆడనీయరాదని కట్టడి చేసిరి. ఆ కట్టడి దాదాపు ఏబదియేండ్లు నిలిచెను. గమనింపుడు: ఆ సంఘమువారు వారి కాళ్లను కట్టలేదు, బంతిని లాగికొనలేదు. స్థలమును మాత్రము మూసిరి. అంతమాత్రముననే రెండు తరముల బాలికలకు ఆట దూరమయ్యెను.

మన దేశమున స్త్రీలకు జాతీయ లీగు 2017లో ఆరంభమయ్యెను. ఆ తొలి పోటీ ఢిల్లీలోని అంబేద్కరు స్టేడియమున జనవరి 28 మొదలు ఫిబ్రవరి 14 వరకు జరిగెను. జట్లు ఆరు, దినములు పదునెనిమిది. మణిపురమునుండి వచ్చిన ఈస్టర్న్ స్పోర్టింగ్ యూనియను జట్టు తుదిపోటీలో కటకమునకు చెందిన రైజింగ్ స్టూడెంట్స్ జట్టును మూడు గోలులతో గెలిచెను. ఆరంభముగా అది శ్లాఘనీయమే. కాని పదునెనిమిది దినములలో ముగియుదానిని లీగు అనవచ్చునా? అది పరీక్షయే గాని చదువు గాదు. పరీక్ష యెవరు తెలిసినవారో చూపును, తెలియనివారికి నేర్పదు. మిగిలిన పదునొకండు మాసములలో ఆ బాలికలు ఎచ్చట ఆడవలెను? ఎవరితో ఆడవలెను? జ్వరము వచ్చి ఒక వారము మంచమెక్కిన బాలికకు ఆ యేడంతయు పోయినట్లే గదా.

తరువాతి యేండ్లలోను చాలకాలము ఇదే పద్ధతి సాగెను. జట్లన్నియు ఒక్క నగరమున చేరి, కొలది వారములు ఆడి, ఇండ్లకు మరలుచుండెను. 2022-23లో పదునారు జట్లు అహమ్మదాబాదున గూడి ఏప్రిలు, మే మాసముల యెండలలో ఆడెను. ఆ నగరమువారు తప్ప ఏ తల్లియు తన కుమార్తె యాటను ఇంటినుండి నడచిపోయి చూచుటకు వీలు లేకుండెను.

2023-24వ సంవత్సరపు పోటీలతో ఈ పద్ధతి మారెను. జట్లు ఏడు మాత్రమే. కాని ప్రతి జట్టును ప్రతి యితర జట్టుతో రెండుమారులు, తన యూర నొకసారియు, వారి యూర నొకసారియు ఆడవలెనని నియమింపబడెను. అనగా ఒక్కొక్క జట్టునకు పండ్రెండు ఆటలు, మొత్తము నలువదిరెండు. 2023 డిసెంబరు 8వ తేదీని మొదలిడి 2024 మార్చి 24వ తేదీకి ముగిసెను. పదునెనిమిది దినములు మూడున్నర మాసములయ్యెను.

ఫలిత మేమి? అంతకుముందు మూడు పోటీలలో వరుసగా గెలిచిన గోకులం కేరళ జట్టును దాటి ఒడిశా జట్టు ప్రథమస్థాన మందెను. ఒడిశాకు 31 పాయింట్లు, గోకులమునకు 29. గెలుపునకు మూడు, సమమునకు ఒకటి చొప్పున లెక్కయగుటచే, ఈ రెండు పాయింట్ల భేదము ఒక్క గెలుపుకంటెను తక్కువ. విద్యార్థు లిచ్చట మనసు నిలుపవలెను. ఇట్టి పోటీలో పతకము తుదినాటి యొక్క యాటవలననే రాదు. డిసెంబరు మాసమున, చూచువారు పలుచగా నున్న యే సాయంకాలముననో, అలసినను విడువక ఆడినవారికి దక్కిన పాయింటు మార్చిలో లెక్కకు వచ్చును. పరీక్షలముందు రాత్రి మాత్రమే దీపము వెలిగించువారికి మేము ఇంతకంటె చెప్పవలసినది లేదు.

ఈ మార్పునందు లోపము లేదని మే మనము. పదునారు జట్లు ఏడయ్యెను. ఎందరో బాలికలకు పెద్ద లీగున చోటు తప్పెను. ఆ కొఱత తీర్చుటకు 2024లో రెండవ తరగతి లీగు స్థాపింపబడెను. అందు గెలిచి పైకి వచ్చినవారితో 2024-25లో పెద్ద లీగునందలి జట్లు ఎనిమిదయ్యెను; ఆ యేడు కలకత్తాకు చెందిన ఈస్టు బెంగాలు జట్టు గెలుపొందెను. దారి సన్ననిదే, కాని తెరచియున్నది.

ఆ దారిని నడచినవారిలో మనవారును గలరు. తెలంగాణమున నిజామాబాదు జిల్లాకు చెందిన గుగులోతు సౌమ్య ఈ లీగున నాడి, 2022లో యూరపుఖండమునందలి క్రొయేషియా దేశమునకు బోయి, డైనమో జాగ్రెబు జట్టున జేరెను. పిమ్మట ఈస్టు బెంగాలు పక్షమున ఆడి, 2024-25 సంవత్సరమునకు దేశమున ఉత్తమ క్రీడాకారిణిగా అఖిల భారత ఫుట్‌బాలు సంఘమువారిచే సన్మానింపబడెను. తొలి లీగునందలి యారు జట్లలో ఒకటియైన అలఖ్‌పురా, హర్యానాలోని భివానీ జిల్లాయందలి ఒక గ్రామము. ఆ యూరి బాలికలకు మొదట బంతి నిచ్చినది ప్రభుత్వ పాఠశాల వ్యాయామోపాధ్యాయుడే. ధనవంతులు గారు, పట్టణము గాదు; బంతి యొకటి, స్థలమొకటి, పిలిచిన పెద్ద యొకడు.

తలిదండ్రుల శంకలు మే మెఱుగుదుము. దెబ్బలు తగులునందురు. తగులును, బాలురకును తగులుచున్నవి, కట్టుకట్టి మరల పంపుచున్నాము. చదువు చెడునందురు. చెట్లక్రింద ఊరక నిలుచు గంటవలన చదువు బాగుపడినట్లు మాకు కానరాదు. ఎండకు నల్లబడుదురు, పెండ్లి సంబంధములు రావందురు. ఈ మాట నాడువారు ప్రేమచేతనే యాడుచున్నారు గాన పరిహసింపము. కాని ఒక్కటి యడుగుదుము: బిడ్డకు దేహదార్ఢ్యము, ఓడినను ఏడ్వక మరునాడు లేచి వచ్చు ధైర్యము, తోటివారితో కలిసి పాటుపడు నేర్పు వలదనువారెవ్వరు? అవి అత్తవారింటను, ఉద్యోగమునను పనికిరావా?

ఇక మా కోరిక చెప్పెదము. సంవత్సరమున కొక్కసారి వార్షికోత్సవమునాడు బాలికలచే పరుగుపందెము పెట్టించి, సబ్బుపెట్టెలు బహుమతు లిచ్చి, వారికి ఆటలు గలవని మనము తృప్తిపడుచున్నాము. అది ఒక దినపు లీగు. దానికి మారుగా, వారమున రెండు సాయంకాలములు ఆటస్థలమంతయు, అనగా ఒక మూల గాదు, బాలికల కిచ్చుట న్యాయము. నాలుగు జట్లు చేసినచో ప్రతి జట్టును తక్కినవానితో రెండేసిమారు లాడవచ్చును. మొత్తము పండ్రెం డాటలు. వారమున కొక్కటి చొప్పున పండ్రెండు వారములు. తక్కిన సాయంకాలము అభ్యాసమునకు. ఉపాధ్యాయినులలో ఒకరు విజిలు పట్టిన చాలును. తల్లులు ఒక్క సాయంకాలము వచ్చి గోడప్రక్కను కూర్చుండి చూతురుగాక. ఖర్చు రెండు బంతులు.

మేము బాలుర యాటను తగ్గింపగోరుట లేదు. వారికి నాలుగు సాయంకాలములు మిగులును. వారికి కష్టముగా దోచినచో, ఇన్ని యేండ్లు చెట్లక్రింద నిలిచినవారిని తలంతురుగాక. వచ్చు సంచిక నాటికి ఆ చెట్లనీడ ఖాళీగా నుండవలెనని మా యాశ.