అందరి నోట్ల మంచి అనిపించుకునే ఆట

మొన్న రాత్రి పదకొండు దాటినా మా పిల్లోడి గదిలో లైటు ఆరలేదు. తిడదామని పోతే కంప్యూటర్ ముందు తల పట్టుకుని కూర్చున్నాడు. "అమ్మా, వీళ్లకు సాయం చేస్తే వాళ్లకు కోపమొస్తుంది. వాళ్లకు చేస్తే వీళ్లకు. ఇద్దరితోని మంచిగుండుడు మస్తు కష్టమే" అన్నాడు. నాకు నవ్వాగలేదు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. ఇరవై నాలుగేండ్ల నుంచి నేను ఆడుతున్న ఆటా అదే కదా!

వాడు ఆడేది 2010లో వచ్చిన ఫాల్ఔట్ న్యూ వేగస్ అనే ఆట. అణుయుద్ధంలో పాడైపోయిన అమెరికా ఎడారిలో రకరకాల వర్గాలు ఉంటాయి. ఒక్కో వర్గం దగ్గర మనకు ఒక్కో పేరు. అందులో మంచిపేరు ఒక లెక్క, చెడ్డపేరు ఇంకో లెక్క. ఎన్ని మంచి పనులు చేసినా పాత తప్పు చెరగదు, రెండూ పక్కపక్కనే ఉంటాయి. ఒక వర్గం బట్టలు వేసుకుంటే వాళ్లు మనోడే అనుకుంటారు, వాళ్ల శత్రువులు చూడగానే తుపాకీ తీస్తారు. తిట్టడానికి పోయినదాన్ని అరగంట కూర్చుని చూశాను. పెద్దామె పెట్టిన చీర కట్టుకుని యారాలు ఇంటికి పోతే ఏమవుతుందో నాకు తెలియనిదా?

నిరుడు మా అత్తమ్మకూ మా యారాలుకూ మామయ్య రిటైర్మెంటు పైసల దగ్గర మాటలు ఆగిపోయాయి. ఆ గొడవలోనే యారాలు కొడుకుకు ఆపరేషన్ అయింది. నేను పొద్దున్నే లేచి అన్నం, పప్పుచారు క్యారియర్‌లో పెట్టుకుని దవాఖానకు పోయాను. పిల్లోడు దవాఖానలో పడి ఉంటే పోకుండా ఎట్లా ఉంటాం? అంతే, అత్తమ్మ మూడు నెలలు నాతో మాట్లాడలేదు. పోనీ, యారాలన్నా మెచ్చుకుందా? "ముసలామెనే పంపింది, ఇక్కడి ముచ్చట్లు తెలుసుకుందామని" అన్నదట. ఒక్క క్యారియర్‌తో రెండు దిక్కులా పేరు పోయింది.

ఇంతకీ ఆ పిల్లోడు ఎవరు? మా ఆయన సొంత తమ్ముడి కొడుకు. ఆయన మూడో రోజు సాయంత్రం పోయి పది నిమిషాలు కూర్చుని వచ్చాడు. తల్లి ఏమీ అనలేదు, తమ్ముడూ ఏమీ అనుకోలేదు. "వాడు ఎవరి జోలికీ పోడు" అని ఇద్దరి దగ్గరా మంచిపేరే! పని చేసినదానికి నింద, చేయనివాడికి పేరు. ఇదేం లెక్క?

మన మందమర్రిలో సింగరేణి సంఘాల ఎన్నికలు గుర్తున్నాయా? 2023 డిసెంబరు 27న ఓట్లు పడ్డాయి. అంతకు ముందు రోజుల్లో ఏ సంఘం వాళ్లు గడప తొక్కినా మా ఆయన చాయ్ తాగించి "మనది మీకే అన్నా" అన్నాడు. బాయి మీద ఆయనను కలుపుగోలు మనిషి అంటారు. అదే నేను ఇటు అత్తమ్మ దగ్గర, అటు యారాలు దగ్గర నవ్వుతూ మాట్లాడితే రెండు నాలుకలది అంటారు. చేసిన పని ఒక్కటే. మగవాడిదైతే తెలివి, ఆడదానిదైతే కపటం.

"సంసారాన్ని ఆటతో పోలుస్తావా, సర్దుకుపోవుడు మన పద్ధతి కాదా" అని మీలో కొందరు అంటారు. సర్దుకుపోవద్దని నేను అనడం లేదు. ఎప్పుడూ ఒక్కతే ఎందుకు సర్దుకోవాలి అని అడుగుతున్నాను. ఆటే నయం అనిపించింది నాకు. ఎవరి దగ్గర మన పేరు ఎట్లుందో తెర మీద చూపిస్తుంది. మనకో? ఏ పెండ్లిలోనో ఎవరో మొఖం తిప్పుకుంటే తప్ప తెలియదు. ఆట మధ్యలో రెండు పెద్ద వర్గాలూ ఒక్కసారి పాత తప్పులు మాఫీ చేస్తాయి. మా ఇంట్లో నేను పెండ్లయిన కొత్తలో చారులో ఉప్పెక్కువ వేసింది కూడా ఇంకా మాఫీ కాలేదు. అన్నిటికంటే పెద్ద సంగతి, అందరితో చెడినా ఆ ఆట పూర్తి చేయడానికి ఒక దారి ఉంచారు, ఎవరి పక్షమూ చేరకుండా. ఆట తయారు చేసినవాళ్లకు ఉన్న ఆ కనికరం కోడలి విషయంలో మన కుటుంబాలకు ఎందుకు లేదు?

ఇదంతా ఇప్పుడెందుకంటే, వచ్చే మాఘంలో మా బిడ్డ పెండ్లి. "అందరి నోట్ల మంచి అనిపించుకోవాలె అని చెప్పు బిడ్డకు" అని అత్తమ్మ నిన్న కూడా అన్నది. ఆమె చెడ్డది కాదు. ఆమెకూ వాళ్ల అవ్వ అదే చెప్పి పంపింది, నాకూ మా అవ్వ అదే చెప్పింది. నేను చెప్పను.

నా బిడ్డకు చెప్పేది వేరే ఉంది. దవాఖానలో మనిషి ఉంటే అన్నం తీసుకపో, ఎవరేమన్నా సరే. తోడుగా నీ మొగుణ్ని తీసుకపో, క్యారియర్ అతని చేతికే ఇయ్యి. వాళ్లింటి కొట్లాటలో మాట మోసే పని నీది కాదు, వాళ్లను కన్నవాళ్లూ వాళ్లతో పుట్టినవాళ్లూ మోసుకోవాలి. పేరు వస్తే రానీ, పోతే పోనీ.

కొడుకుకు కూడా ఒక మాట చెప్పాను. "ఆటలో ఇద్దరి మధ్య నలుగుడు ఎంత కష్టమో చూసినవ్ గద. రేపు నీ పెండ్లాన్ని ఆ జాగల నిలబెట్టి నువ్వు పక్కకు జరుగకు." వాడు కాసేపు మాట్లాడలేదు. కంప్యూటర్ బంద్ చేసి, "దవాఖానకు ఆ రోజు నేనన్న వస్తుంటిని గదనే అమ్మా, చెప్పకపోతివి" అన్నాడు.

నిజమే. చెప్పలేదు. ఇక నుంచి చెప్తాను. మీరూ చెప్పండి.