బొమ్మ సరే, మాట సంగతేంటి?

డీవీడీ ప్లేయర్ ఎలా ఉందని ఎవరిని అడిగినా "బొమ్మ అద్దంలా ఉంది" అనో, "సౌండ్ అదిరిపోతోంది" అనో అంటారు. మాట స్పష్టంగా వినిపిస్తోందా అన్నది మాత్రం ఎవరూ చెప్పరు. నా దృష్టిలో అసలు పరీక్ష అదే.

మెట్టకూరులో మా ఇంట్లో అమ్మది తెలుగు, నాన్నది తమిళం. మాట తేటగా వినిపిస్తేనే నాన్నకి సినిమా అర్థమవుతుంది. పాటలకి ఇల్లు దద్దరిల్లిపోయి, మాటల దగ్గరికొచ్చేసరికి గుసగుసలైతే ఆయన "ఏమన్నాడు?" అని అడుగుతారు. మేం చెప్పేలోపు తర్వాతి మాట కాస్తా పోతుంది.

అందరూ ప్లేయర్నే తిడతారు. కానీ 5.1 సౌండ్‌లో మాటలు ఎక్కువగా మధ్య స్పీకరుకి వెళ్తాయి. ఇంట్లో ఉన్నవి రెండే స్పీకర్లయితే సెట్టింగులో స్టీరియో పెట్టుకోవాలి. బొమ్మ సంగతీ అంతే. పసుపు వైరు ఒక్కటీ పెట్టి "మసక" అంటే ఎలా? ఎరుపు, ఆకుపచ్చ, నీలం వైర్లకి చోటుంటే అవి పెట్టి చూడాలి. 1957 నాటి 'మాయాబజార్'ని వెడల్పు టీవీ నిండా సాగదీస్తే ఘటోత్కచుడే కాదు, శశిరేఖ కూడా లావైపోతుంది! దాన్ని 4:3 లోనే చూడాలి.

ఆ సినిమాకి మాటలు రాసింది పింగళి నాగేంద్రరావు గారు. ఆ మాటలు వినపడకపోతే సగం సినిమా చూసినట్టే. అందుకే షాపులో ప్లేయర్ కొనేటప్పుడు ఫైటూ పాటా కాదు, ఇద్దరు నెమ్మదిగా మాట్లాడుకునే సీను వేయించండి. తెలుగు చదువుకుంటున్న మనమైనా ముందు మాట వినాలి కదా!